గాలమూ గాలీ: ఒక శ్వేతపత్రం

గాలం అనే మాటలో సగానికి పైగా గాలే ఉంది. పెద్దలు ఆ పేరు ఊరికే పెట్టలేదని ఇన్నాళ్లకు తెలిసొచ్చింది. మొన్న మిత్రుడితో కలిసి సరస్సు దగ్గర తొమ్మిది గంటలు గడిపి, ఒక్క చేప దినచర్యకూ భంగం కలిగించకుండా తిరిగొచ్చినవాడిగా ఈ శ్వేతపత్రం సమర్పించుకుంటున్నాను. గాలిని తిట్టడం చేపలు పట్టేవాళ్లలో దురాచారంగా ముదిరిపోయింది. ఇది ఉత్త కృతఘ్నత. గాలే లేకపోతే ఖాళీ బుట్టతో ఇంటికెళ్లి ఏమని చెప్పుకుంటాం?

మావాడు సిద్ధాంతాల మనిషి. "పిచ్చోడా, గాలి ఉన్న రోజేరా చేపలు దొరికేది" అన్నాడు పొద్దున్నే. గాలి పైనీటిని ఒక ఒడ్డుకు నెడుతుందట. ఆ నీటితోపాటు కంటికి ఆనని ప్లవకాలు కొట్టుకుపోతాయి, వాటి వెనక చిన్న చేపలు, చిన్నవాటి వెనక పెద్దవి. పైగా అలలు లేస్తే వెలుతురు చెదిరిపోయి ఒడ్డున నిలబడ్డ మనం వాటికి సరిగ్గా కనబడం. ఇంటికొచ్చాక పుస్తకాల్లో చూశాను, ఒక్క ముక్కా తప్పు లేదు. వాడితో వచ్చిన చిక్కే అది. తప్పు చెబితే తిట్టి ఊరుకునేవాణ్ని.

చేపలు గాలి కొట్టే ఒడ్డున ఉంటాయంటే, మనం గాలికి ఎదురుగా నిలబడి విసరాలి. గాలి వేగం రెట్టింపైతే దాని తోపుడు నాలుగింతలవుతుంది. నా జబ్బసత్తువకు అలాంటి సూత్రమేమీ లేదు. నేను విసిరిన గాలం ఆరు గజాలు ముందుకెళ్లి, అక్కడ కాస్త ఆలోచించుకుని, వెనక్కొచ్చి మావాడి టోపీకి తగులుకుంది. ములుకున్న గాలం గుచ్చుకున్నాక వెనక్కి రాదు, అది దాని వృత్తిధర్మం. "పెద్దదేరా, మెల్లగా లాగు" అన్నాను. వాడు నవ్వలేదు.

ఈలోగా రీలు మీది దారం నెల రోజులు దువ్వెన చూడని జుట్టులా ఉండ కట్టింది. చిక్కు తీయడానికి ముప్పావు గంట. తర్వాత బెండు మీద చూపు నిలిపి కూర్చున్నాను. చేప ఎర లాగితే బెండు మునుగుతుంది. అల వచ్చినా మునుగుతుంది. చేపకూ అలకూ తేడా తెలియడానికి అనుభవం కావాలన్నాడు మావాడు. నేను పద్నాలుగు అలలను గట్టిగా గుంజాను. ఒక్కటీ పడలేదు. పైకి తీసిన ప్రతిసారీ వానపాము ఇంకాస్త నాని, తెల్లబడి, నావంక జాలిగా చూసినట్టే ఉంది.

1805లో ఫ్రాన్సిస్ బ్యూఫోర్ట్ అనే బ్రిటిష్ నౌకాధికారి గాలికి మెట్లు కట్టే పని మొదలుపెట్టాడు. ఆ కొలమానంలో ఇప్పుడు అయిదో మెట్టంటే గంటకు 29 నుంచి 38 కిలోమీటర్లు: చిన్న చెట్లు ఊగుతాయి, సరస్సుల మీద తల విరిగే చిన్న అలలు లేస్తాయి. గాలం పట్టుకున్నవాడి గతేమిటో మాత్రం ఆ పట్టికలో లేదు. ఆ లోటు నేను తీరుస్తున్నాను. మూడో మెట్టులో టోపీ పోతుంది, నాలుగులో ఓపిక, అయిదులో స్నేహం.

మధ్యాహ్నం పడవెక్కాం. గాలికి ఎదురు తెడ్డు వేసి సరస్సు నడిమధ్యకు చేరేసరికి నలభై నిమిషాలు పట్టింది. నీటి మీద గాలి వాలున బారులు తీరిన నురగ చారలు చూపించి, అవి అదృష్టరేఖలన్నాడు మావాడు. అలాంటి చారల మర్మం విప్పి 1938లో వ్యాసం రాసినవాడు ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్, రసాయనశాస్త్రంలో నోబెల్ పొందినాయన. నీళ్లకేసి ఊరికే చూస్తూ కూర్చున్నవాళ్లందరూ సోమరులు కారని మా ఇంట్లో చెప్పడానికి ఈ సంగతి రాసి పెట్టుకున్నాను.

లంగరు వేశాం. లోతు నాలుగు మీటర్లు, తాడు అయిదు మీటర్లు. లెక్క సరిపోయిందనుకున్నాం. గాలిలో లంగరు పట్టు దొరకాలంటే తాడు లోతుకు అయిదారు రెట్లుండాలి, లాగుడు అడ్డంగా పడితేనే అది నేలలో దిగబడుతుంది. మా లంగరు మాతోపాటే షికారుకొచ్చింది. పావుగంటలో పొద్దున్న నిలబడ్డ ఒడ్డుకే కొట్టుకొచ్చాం. గాలి ఒడ్డుకు అన్నీ చేరతాయన్న సిద్ధాంతం సగం రుజువైంది. మేం చేరాం.

పొద్దు వాలేవేళకు గాలి ఠక్కున పడిపోయింది. నీళ్లు అద్దంలా అయ్యాయి. మాకు నాలుగు గజాల దూరంలో చేపలు ఎగురుతూ, ఒకదాని పక్కన ఒకటి వలయాలు గీస్తున్నాయి. నేను వణికే చేత్తో గాలం అందుకున్నాను. మావాడు నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఇంకెందుకురా, సామాను సర్దెయ్" అన్నాడు గొంతు తగ్గించి. "ఇప్పుడు మనం వాటికి కనబడిపోతాం."