తెల్ల పదార్థం: వయసు పనా, బీపీ పనా?

పెద్దవాళ్లకు పేరు చటుక్కున నోటికి రాకపోతే "వయసైపోయింది" అని తేల్చేస్తాం. ఆ ఒక్క మాటలో వయసుతో వచ్చే నిదానం, బీపీ తెచ్చే జబ్బు అనే రెండు వేర్వేరు సంగతులు కలిసిపోతున్నాయని నా బాధ. వాటిని విడదీయడానికే తిరుపతిలో ఒక ఇంటి వసారాలో ఈ వాదం పెట్టాను. మామ రిటైరైన తెలుగు పండితుడు, డెబ్బై దాటాడు. మేనకోడలు సుధ నరాల డాక్టరు. ఇద్దరూ కల్పిత పాత్రలే.

మామ: స్కాను రిపోర్టులో 'స్మాల్ వెసెల్ ఇస్కీమిక్ ఛేంజెస్, ఫాజెకాస్ గ్రేడ్ 2' అని రాసుండాది. వయసుకొచ్చే మార్పులేనని చెప్పి పంపించినారు. నువ్వేమో పొద్దున్నుంచి నన్ను వదలవు.

సుధ: వయసు తెచ్చింది కొంత, బీపీ తెచ్చింది కొంత మామా. పొద్దున చూస్తే పై అంకె 170 ఉంది. మెదడు పైపొరలో ఆలోచించే కణాలుంటాయి. వాటిని ఒకదానితో ఒకటి కలిపే తంతువులే లోపలి తెల్ల పదార్థం. తంతువుల మీద మైలిన్ అనే కొవ్వు తొడుగు ఉంటుంది. కబురు వేగంగా పోయేది దానివల్లే. అంత లోతుకు రక్తం తెచ్చేవి చాలా సన్నని నాళాలు. ఏళ్ల తరబడి బీపీ ఎక్కువుంటే వాటి గోడలు మందమై, రక్తం చాలక తొడుగు చెడుతుంది. స్కానులో కనిపించే మచ్చలు అవే, రిపోర్టులో 'స్మాల్ వెసెల్ ఇస్కీమిక్ ఛేంజెస్' అన్నదీ వాటినే.

మామ: బీపీ లేనోళ్లకు ఏమీ కాదా? డెన్మార్క్ వాళ్లు 2003లో లెక్కగట్టినారని నువ్వే చెప్తివి గదా. ఇరవై ఏళ్ల మగోడి మెదడులో మైలిన్ తంతువులన్నీ బారుగా పరిస్తే సుమారు 1,76,000 కిలోమీటర్లు, ఎనభై ఏళ్లకు అందులో 45 శాతం దాకా పోతాదని. అయినా ఆ వయసోళ్లు లెక్కలు చూస్తా ఉండారు, కథలు చెప్తా ఉండారు. వయసుతో తెలివి ఎట్లా మారతాదో చూసేదానికి 1956లో అమెరికాలోని సియాటిల్‌లో మొదలైన పరిశోధనలో తేలిందీ ఇదే. వేగం ముందు తగ్గతాది, పదసంపద చాలా ఏళ్లు నిలబడతాది. 2021 డిసెంబరులో తిరుమల రెండో ఘాట్ రోడ్డులో బండలు పడితే బస్సుల్ని లింకు రోడ్డులో తిప్పినారు. గుడి యాడికన్నా పోయిందా?

సుధ: చుట్టుదారి నిజమే. కుర్రవాళ్లు ముందరి మెదడులో ఒక పక్క వాడే పనికి పెద్దవాళ్లు రెండు పక్కలూ వాడటం స్కానుల్లో కనిపిస్తుంది. కానీ ఆ లింకు రోడ్డు కూడా తెగితే? ఫాజెకాస్ అంటే ఆ మచ్చలు ఎంత ఉన్నాయో చెప్పే కొలత. అందులో గ్రేడ్ 2 అంటే మచ్చలు ఒకదానితో ఒకటి కలవడం మొదలైందని అర్థం.

మామ: భారతంలో పద్యం ఎత్తుకుంటే ఇప్పటికీ ఆపకుండా చెప్తా.

సుధ: పద్యం సరే, అవధానం సంగతి చెప్పు. ఒక్కో అక్షరం వద్దంటూ అడ్డుపడే నిషిద్ధాక్షరి నడుస్తుండగా అప్రస్తుత ప్రసంగి అడ్డం తగులుతాడు, ఇంకోపక్క మోగే గంట ఎన్నిసార్లు కొట్టారో లెక్కపెట్టాలి. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి వెళ్లి, మళ్లీ వదిలిన చోటికి రావాలి. తెల్ల పదార్థం చెడితే ముందు దెబ్బతినేది ఆ నేర్పే. మొన్న ఫోన్లో మాట్లాడుతూ పొయ్యి మీద పాలు మరిచిపోయావు.

మామ: (కాసేపు ఊరుకుని) అందుకని మావాడు నా బ్యాంకు పాసుబుక్కు తీసి బీరువాలో పెట్టి తాళమేస్తాడా? సంతకం పెట్టే ముందు కాగితం రెండుసార్లు చదువుతానంట, ఆలస్యమంట. నిదానంగా చదివితే తెలివి లేనట్టా?

సుధ: బావ చేసింది తప్పే. నేను అడుగుతా.

(ఇక్కడ నేను పూర్తిగా మామ పక్షం. జవాబుకు పట్టే సమయం వేరు, జవాబులో ఉండే సరుకు వేరు. మన ఓపికలేమిని పెద్దవాళ్ల లోపంగా లెక్కేస్తున్నాం.)

సుధ: మరి బీపీ మాత్ర? అల్మారాలో స్ట్రిప్పు చూశాను. రెండు గుంటలే ఖాళీ, మిగతావి అట్లే ఉన్నాయి.

మామ: తలనొప్పి లేదు, ఏమీ లేదు. ఎందుకు మింగాల?

సుధ: బీపీ ఉంటే తలనొప్పి రావాలని లేదు. అమెరికాలో స్ప్రింట్ మైండ్ అనే ట్రయల్ చేశారు, 2019లో ఫలితాలొచ్చాయి. కొందరికి పై అంకె 120 లోపు, కొందరికి 140 లోపు ఉంచాలని చూశారు. సుమారు నాలుగేళ్లకు మచ్చలు మొదటివాళ్లలో 0.92 ఘన సెంటీమీటర్లు పెరిగితే రెండోవాళ్లలో 1.45 పెరిగాయి. ఏళ్లు మాత్రం ఇద్దరికీ సమానంగానే గడిచాయి గదా!

మామ: మతి పోయే జబ్బు తగ్గిందా?

సుధ: డిమెన్షియా తగ్గినట్టు గట్టిగా తేలలేదు, ట్రయల్ ముందే ఆపేశారు. దానికి ముందుండే తేలికపాటి మందగింపు మాత్రం తగ్గింది.

మామ: చూస్తివా! పైగా బీపీ మరీ దించేస్తే అలిపిరి దోవలో తల తిరిగి పడనా? 3,550 మెట్లమ్మా అవి.

సుధ: ఆ భయం న్యాయమైందే. అందుకే పడుకున్నప్పుడొకసారి, లేచి నిలబడ్డాక ఒకసారి చూస్తాం. 120 అందరికీ పనికిరాదు, నీకెంత ఉండాలో మీ డాక్టరుతో కూర్చుని తేల్చుకుందాం. నడక మానొద్దు. సంగటిలోకి నంజుకునే ఊరుబిండిలో ఉప్పు తగ్గించు.

మామ: ఉప్పు తగ్గిస్తా, మాత్రా మింగుతా. నా నిదానాన్ని జబ్బని రాస్తే మాత్రం ఒప్పుకోను.

సుధ: రాయను మామా. ఆ 170ని మాత్రం జబ్బనే రాస్తా. చెయ్యి చాపు, మళ్లీ చూడాలి.