తాళి తేదీ, కార్డు తేదీ

ఆషాఢం ఎడబాటు నెల రోజులే. కొత్త కోడలు అత్తగారి గడప తొక్కకూడదని పుట్టింటికి తెచ్చుకుంటారు, శ్రావణం రాగానే సారె పెట్టి పంపిస్తారు. గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా చుట్టాలమ్మాయికి మాత్రం పుట్టింట్లో ఇది నాలుగో ఆషాఢం. 2022 ఫిబ్రవరిలో పెళ్లయింది. పదహారు రోజుల పండగైనా కాకముందే పెళ్లికొడుకు శంషాబాద్‌లో అమెరికా విమానం ఎక్కాడు. ఆ తర్వాత వచ్చింది రెండుసార్లు, రెండుసార్లూ మూడేసి వారాల సెలవు మీద.

మేడ మీద బట్టలు ఆరేస్తుంటే పక్క డాబా మీంచి పలకరింపు వినిపిస్తుంది. "ఏమ్మా, ఇంకా వెళ్లలేదా?" "ప్రాసెస్‌లో ఉందండీ పిన్నిగారూ." ఈ ప్రాసెస్ అనే మాట బెజవాడ, గుంటూరు ఇళ్లలో "అంతా దైవాధీనం" అన్నట్టు వాడుకలోకి వచ్చేసింది. కాగితం ఎక్కడ ఆగిందో, ఎవరు ఆపారో, ఎన్నాళ్లు పడుతుందో చెప్పక్కర్లేకుండా మాట అక్కడితో తెగిపోతుంది. అడిగినవాళ్లకూ అంతే చాలు. నా గొడవంతా ఈ మాటతోనే. అమెరికా పెళ్లి కేసుల్లో ఆలస్యాలన్నీ ఒక జాతివి కావు. ఏ ఆలస్యానికి ఎవరిని నిలదీయాలో తెలియనంత కాలం ఆడపిల్లకు మనం చెప్పే ఓపిక కబుర్లకు అర్థం లేదు.

ఈ అమ్మాయి సంగతే చూడండి. పెళ్లి అసలు 2021 మార్గశిరంలో చేద్దామనుకున్నారు. కల్యాణ మండపం దొరకలేదు, అబ్బాయికి సెలవు కుదరలేదు, ఇంతలో పుష్యం వచ్చిపడింది. శూన్యమాసంలో పెళ్లేమిటని మాఘానికి జరిపారు. ఆ మధ్యలో, జనవరిలో, పదేళ్లుగా ఎదురుచూస్తున్న గ్రీన్‌కార్డు అబ్బాయి చేతికొచ్చింది. రెండిళ్లలోనూ స్వీట్లు పంచారు. అమ్మాయి వచ్చిన వేళ అన్నారు. ఆ స్వీట్లు పంచిన రోజే అమ్మాయి దారి మూసుకుపోయిందని ఒక్కరికీ తెలియదు.

ఎందుకంటే ఉద్యోగం మీద గ్రీన్‌కార్డు వచ్చే నాటికే పెళ్లయి ఉంటే భార్యకు భర్త వరుసలోనే చోటు ఉంటుంది. ఆయన పదేళ్లు నిలబడిన క్యూ ఆమెకూ లెక్కలోకి వస్తుంది, కార్డు ఆయనకు ముందొచ్చినా వెనకాలే వెళ్లొచ్చు. కార్డు వచ్చాక పెళ్లయితే ఆమె కొత్తగా, వేరే క్యూలో, చివర నిలబడాలి. గ్రీన్‌కార్డుదారుల భార్యాభర్తలకూ పిల్లలకూ ఉన్న ఆ క్యూ పేరు ఎఫ్‌టూఏ. నిశ్చితార్థం పెళ్లి కింద చెల్లదు. తాళి మార్గశిరంలో పడిందా, మాఘంలో పడిందా అన్న తేడా మీద ఒక ఆడపిల్ల జీవితంలో మూడేళ్లు పోయాయి. లగ్నం నిమిషాలతో సహా చూసుకునే జాతి మనది. ఆ ఒక్క తేదీ చూసుకోలేదు.

ముందే రిజిస్టర్ పెళ్లి చేసి, మాఘంలో పందిరి వేసుకోవాల్సింది అని ఇప్పుడు అందరూ అంటున్నారు. దానికీ స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద 30 రోజుల నోటీసు ఉండాలి, అబ్బాయి వచ్చి సంతకం పెట్టాలి. వీలయ్యే పనే, కానీ తెలిసి ఉండాలి.

ఇక్కడే మన పెళ్లిళ్ల బజారు లెక్క తలకిందులైంది. మధ్యవర్తుల జాబితాలో సిటిజన్ ముందు, గ్రీన్‌కార్డు తర్వాత, ఉద్యోగ వీసా మీదున్న హెచ్‌వన్ అట్టడుగున. కట్నాల మాట పైకి అనకపోయినా లాంఛనాలు కూడా ఆ వరుసలోనే పెరుగుతాయి. భార్య ఎప్పుడు కాపురానికి వెళ్తుందన్న లెక్కలో చూస్తే వరుస వేరు. హెచ్‌వన్ అబ్బాయి భార్యకు హెచ్‌ఫోర్ అనే వీసా ఉంటుంది. దానికి ఏటా ఇన్నే అన్న పరిమితి లేదు, హైదరాబాద్ కాన్సులేట్‌లో స్లాట్ దొరికితే నెలల్లో వెళ్లిపోతుంది. సిటిజన్ భార్యకూ సంఖ్యా పరిమితి లేదు, ఆఫీసులు కాగితాలు తిప్పడానికి పట్టే ఏడాది, ఏడాదిన్నర, ఒక్కోసారి అంతకుమించి పడుతుంది. మధ్యలో ఉన్న గ్రీన్‌కార్డు అబ్బాయి భార్యే అందరికన్నా వెనక. హెచ్‌వన్ వదిలేశాడు గనుక హెచ్‌ఫోర్ ఇవ్వలేడు, పౌరుడు కాలేదు గనుక క్యూ తప్పదు. బజారులో అంత ధర పలికే సంబంధం అమ్మాయిని అన్నాళ్లూ పుట్టింట్లోనే కూర్చోబెడుతుందని ఏ పెళ్లిళ్ల పేరయ్యా చెప్పడు. ఆయనకూ తెలియకపోవచ్చు లెండి.

మనవాళ్లలో ఇంకో అపోహ ఉంది. "ఇండియా వాళ్లకే ఈ లేటు" అంటారు. ఉద్యోగం గ్రీన్‌కార్డుల్లో అది నిజం. ఒక్కో దేశానికి ఇంత అన్న పరిమితి వల్ల మన ఇంజనీర్లు దశాబ్దాలు నిలబడుతున్నారు. ఎఫ్‌టూఏలో అలా కాదు. అందులో నాలుగింట మూడు వంతుల వీసాలకు దేశాల పరిమితి వర్తించదు. ఏడాదికి దాదాపు 88 వేల వీసాలు, ప్రపంచం మొత్తం మీద గ్రీన్‌కార్డుదారుల భార్యలు, భర్తలు, చిన్నపిల్లలు అందరికీ కలిపి. 2019 మధ్య నుంచి 2023 మార్చి దాకా ఈ క్యూయే లేదు, ఎవరి వంతు ఎంతవరకు వచ్చిందో అమెరికా ప్రభుత్వం నెలనెలా చెప్పే వీసా బులెటిన్‌లో ఆ గడిలో "కరెంట్" అని ఉండేది. 2023 ఏప్రిల్ బులెటిన్‌లో ఒక్కసారిగా 2020 సెప్టెంబర్ 8 అని తేదీ వేశారు. అంటే ఆ రోజుకు ముందు దరఖాస్తు చేసినవాళ్లకే వీసా.

మా అమ్మాయి తరఫున ఐ-130, అంటే భార్యను తెచ్చుకుంటానని భర్త పెట్టే పిటిషన్, వేసింది 2022 మార్చిలో. అప్పటికి క్యూ లేదు. ఆ ఒక్క కాగితం ఆమోదించడానికి అక్కడి ఇమిగ్రేషన్ శాఖకు పద్నాలుగు నెలలు పట్టింది. అది చేతికొచ్చేసరికి తలుపు మూశారు. ఆఫీసువాళ్ల నిదానం చట్టం తాలూకు క్యూలోకి తోసేసిందన్నమాట. మొదటి దానికి ఎవరూ బాధ్యత వహించరు, రెండో దాన్ని ఎవరూ కదపలేరు.

ఈ రెంటికీ తేడా తెలియకపోతే డబ్బు పోగొట్టుకుంటాం. బెంజ్ సర్కిల్ దగ్గర కన్సల్టెన్సీ బోర్డుల కింద "కేసు ఎక్స్‌పెడైట్ చేయిస్తాం" అనేవాళ్లకు కొదవ లేదు. తేదీ రాని ఎఫ్‌టూఏ కేసును విజయవాడలోనే కాదు, వాషింగ్టన్‌లో కూర్చున్నవాడైనా ముందుకు జరపలేడు. ఆఫీసులో ఆగిపోయిన కేసు సంగతి వేరు. మామూలు గడువు దాటిందని ఇమిగ్రేషన్ శాఖ సైట్‌లోనే విచారణ వేయొచ్చు. అబ్బాయి ఉండే నియోజకవర్గపు కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసుకు రాయొచ్చు. దానికి పైసా ఖర్చు లేదు, ఆ ఆఫీసుల్లో ఈ పనికే మనుషులుంటారు. మన అబ్బాయిలు మాత్రం "వాళ్లు మనకెందుకు చేస్తారు, మనకి ఓటు లేదుగా" అని ఊరుకుంటారు. ఓటు అడగరు, అక్కడ నివాసం ఉంటే చాలు. చివరి అస్త్రం ఫెడరల్ కోర్టులో మ్యాండమస్, అంటే ఆగిన ఫైలు తేల్చమని ఆఫీసును ఆదేశించాలని వేసే దావా. కోర్టు ఫీజు 405 డాలర్లు, లాయరు ఫీజు దానికి ఎన్నో రెట్లు. నోటీసు అందిన 60 రోజుల్లో ప్రభుత్వం జవాబు చెప్పాలి. చాలా కేసుల్లో జవాబు చెప్పే బదులు ఫైలు తీసి ఏదో ఒకటి తేల్చేస్తారు. గుర్తుంచుకోవాల్సింది ఏమిటంటే, కోర్టు "తేల్చండి" అంటుందే గానీ "ఇవ్వండి" అనదు. కాగితాల్లో లొసుగున్నవాళ్లు మ్యాండమస్ వేస్తే త్వరగా వచ్చేది తిరస్కరణే.

ఈలోగా విజిట్ వీసా మీద వెళ్లొస్తే సరి అని పెద్దలు సలహా చెబుతారు. దరఖాస్తు ఫారంలోనే ఒక ప్రశ్న ఉంది: మీ తరఫున ఎవరైనా ఇమిగ్రెంట్ పిటిషన్ వేశారా? అవునంటే, ఈమె తిరిగి రాదని వాళ్ల వలస చట్టం సెక్షన్ 214బి కింద కాదనే అవకాశమే ఎక్కువ. ఎంఎస్ చదువుతానన్నా అదే అనుమానం. "లేదు అని టిక్ పెట్టు, ఎవరు చూస్తారు" అనే పెద్దమనుషులు ప్రతి చుట్టరికంలోనూ ఒకరుంటారు. ఐ-130 వేసింది కూడా ఆ ప్రభుత్వానికే కదా! ఆ అబద్ధం పట్టుబడితే శాశ్వత నిషేధం దాకా పోతుంది. నాలుగు ఆషాఢాలు కాదు, జన్మంతా పుట్టిల్లే.

గ్రీన్‌కార్డు అబ్బాయి చేయగలిగిన అసలు పని పౌరసత్వం తీసుకోవడం. కార్డు వచ్చి అయిదేళ్లు నిండడానికి 90 రోజుల ముందే దరఖాస్తు పెట్టొచ్చు. పౌరుడైన రోజునుంచే భార్య కేసు క్యూలోంచి బయటికొచ్చేస్తుంది. కొందరబ్బాయిలు ఇండియా పాస్‌పోర్ట్ వదులుకోవడానికి వెనకాడతారు. నాన్న పేరున ఉన్న పొలం సంగతేమిటని అడుగుతారు. వారసత్వంగా వచ్చే పొలానికి, విదేశీ పౌరులైన మనవాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా అడ్డం లేదు, కొత్తగా పొలం కొనడానికే కుదరదు. పొలం మాట వచ్చినంత వేగంగా భార్య మాట రాకపోవడం నాకు ఆశ్చర్యం కాదు గానీ, కడుపు మండుతుంది.

అమెరికా చట్టసభకు ఈ బాధ తెలియదా అంటే, ఒకసారి తెలిసింది. 2000లో చేసిన లైఫ్ చట్టంలో వి-వీసా అని ఒకటి పెట్టారు. పిటిషన్ వేసి మూడేళ్లు దాటినా తేలని గ్రీన్‌కార్డుదారుల భార్యాపిల్లలు అక్కడికే వెళ్లి, భర్తతో ఉండి ఎదురుచూడొచ్చు. కానీ 2000 డిసెంబర్ 21 నాటికి పిటిషన్ వేసినవాళ్లకే అన్నారు. ఆ తర్వాతి వాళ్లకు అలాంటి దారి లేదు. తలుపు పెట్టడం వచ్చినవాళ్లు ఒక్క బ్యాచ్‌ను లోపలికి పంపి గొళ్లెం పెట్టేశారు. పెద్ద పెద్ద వలస సంస్కరణల మాటలు పక్కనపెట్టి, ఆ తేదీ ఒక్కటి తీసేస్తే చాలు. అమెరికా తెలుగు సంఘాలు మహాసభల వేదికల మీద అక్కడి ప్రజాప్రతినిధులకు శాలువాలు కప్పుతుంటాయి. ఆ నిమిషంలో అడగదగిన మాట ఇది.

ఇక మన చేతిలో ఉన్నవి. మా అమ్మాయి బీరువాలో నీలం ప్లాస్టిక్ ఫోల్డరు ఒకటుంది. పదో తరగతి మెమోలో తండ్రి పేరు ఒకలా, పాస్‌పోర్టులో ఇంకోలా ఉంది. మునిసిపాలిటీ జనన ధ్రువపత్రంలో పిల్ల పేరున్న చోట ఖాళీ. బారసాల కాకముందే ఆసుపత్రి నుంచి వెళ్లిన కాగితం మరి! తొందరపడి ముందే తెచ్చుకున్న పోలీస్ క్లియరెన్సుకు రెండేళ్లు నిండి మళ్లీ తీసుకోవాల్సి వచ్చింది. వెయ్యిమంది భోంచేసిన పెళ్లి ఆల్బమ్ ఉంది, పదమూడు కిలోలు. కాన్సులేట్ ఆఫీసరుకు కావాల్సింది ఆ బరువు కాదు. అబ్బాయి వచ్చినప్పటి బోర్డింగ్ పాసులు, ఇద్దరి పేర్ల మీద ఉన్న ఖాతా, ఇన్నేళ్ల మాటల ఆనవాళ్లు. క్యూలో ఉన్న కాలం ఈ కాగితాలు సరిచేసుకోవడానికి పనికొస్తుంది. హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో అంత పెద్ద కాన్సులేట్ కట్టినా ఈ ఇమిగ్రెంట్ వీసా ఇంటర్వ్యూకి ముంబై పోవాలి. కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో అంత దూరం వెళ్లాక ఒక అక్షరం తేడాకు, కేసు ఆపి ఇంకా కాగితాలు తెమ్మనే 221జి చీటీ పట్టుకుని వెనక్కి రావడం కన్నా బ్రాడీపేట జిరాక్సు షాపు చుట్టూ తిరగడం నయం.

ఆ ఫోల్డరులో అన్నిటికన్నా విలువైంది ఇంకోటి, ఐ-130 అందినట్టు వచ్చిన రసీదు. మూడు అక్షరాలు, పది అంకెలు. ఆ నంబరు కొడితే ఎవరైనా, ఎక్కడినుంచైనా కేసు ఏ దశలో ఉందో చూసుకోవచ్చు. కేసు ముంబై వరుసలోకి వెళ్లాక బీఎంబీతో మొదలయ్యే ఇంకో నంబరు వస్తుంది. బొంబాయి పేరు మారి ముప్పై ఏళ్లవుతున్నా ఆ అక్షరాలు మారలేదు. ఈ నంబర్లు భార్య దగ్గర ఉండాలని నేను పట్టుబట్టేది అందుకే. ఎందుకంటే మూడో రకం ఆలస్యం ఒకటుంది, చట్టానిదీ కాదు, ఆఫీసుదీ కాదు, మొగుడిది. అసలు పిటిషనే వేయకుండా, ఏళ్ల తరబడి "ప్రాసెస్‌లో ఉంది" అనేవాళ్లున్నారు. నిజంగా క్యూలో ఉన్న అమ్మాయీ, మోసపోయిన అమ్మాయీ పక్కింటి పిన్నిగారికి ఒకే జవాబు చెబుతారు. రసీదు ఫొటో ఒక్కటే ఆ ఇద్దరినీ వేరుచేస్తుంది. అడిగితే ఏమనుకుంటారో అని ఊరుకునే మర్యాద పుట్టింటివాళ్లు మానుకోవాలి.

మా అమ్మాయి తేదీ ఇప్పుడు దాదాపు అందేంత దగ్గరకొచ్చింది. ఇంత జాప్యానికీ దక్కిన మేలు ఒకటే. పెళ్లయి రెండేళ్లు దాటింది గనుక రెండేళ్ల షరతుల కార్డు కాకుండా నేరుగా పదేళ్ల కార్డు వస్తుంది. ఆ సంగతి చెబితే నవ్వి, "ఆ రెండేళ్లూ ఇక్కడే కట్టేశాగా బాబాయ్" అంది.

మొన్న ఆదివారం వాళ్ల చెల్లెలికి పటమట నుంచి సంబంధం వచ్చింది. అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. మధ్యవర్తి జాతకం, ఫొటో టీపాయ్ మీద పెట్టి, అబ్బాయికి గ్రీన్‌కార్డు ఇవాళో రేపో అన్నట్టుందని చెప్పాడు. వాళ్లమ్మ కాఫీ గ్లాసు అందిస్తూ, "అయితే ముహూర్తం దానికి ముందే పెట్టుకోవాలండీ, లేకపోతే మాకొద్దు" అంది. ఆయనకు అర్థం కాలేదు. శ్రావణంలో మంచి లగ్నాలున్నాయమ్మా, అన్నాడు.