డైనమిక్ ఇంపోర్ట్ గారికి, నెల్లూరు నుంచి

మహారాజరాజశ్రీ డైనమిక్ ఇంపోర్ట్ గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. మా తెలుగు బటన్ మాత్రం కాదు.

పేజీకి కావలసిన జావాస్క్రిప్ట్ ఫైలును అవసరమైనప్పుడే తెచ్చిపెట్టడం మీ పని. అడిగితేనే వస్తారు, అడక్కుండా బరువు పెంచరు అని, 2020లో ఎక్మాస్క్రిప్ట్ అనే జావాస్క్రిప్ట్ ప్రమాణంలోకి ఎక్కినప్పటి నుంచి మీకు మంచి పేరే ఉంది. తెలుగు నొక్కితే తెలుగు ఫైలు, తమిళం నొక్కితే తమిళం ఫైలు. రొయ్యల రేట్ల సైటుకు ఇంతకంటే ఏం కావాలి?

ఈ మధ్యాహ్నం సైటు కొత్త కూర్పు, అంటే బిల్డ్, సర్వర్‌కు ఎక్కించాను. ఇందుకూరుపేట రైతొకాయన పొద్దుట్నుంచీ తెరిచిపెట్టుకున్న పేజీలో 'తెలుగు' నొక్కాడు. వెంటనే ఫోను: "ఏంది అబ్బయ్యా, వంద కౌంటు (కిలోకు వంద రొయ్యలు) రేటు చూద్దామంటే నీ పేజీ ఎండిపోయిన గుంట మాదిరుంది!"

ఆయన పేజీకి తెలిసింది పొద్దుటి ఫైలు పేరు, లోపలి సరుకును బట్టి మారే హ్యాష్ అక్షరాల తోకతో సహా. బిల్డ్‌తో తోక మారింది, పాత ఫైలు పోయింది. 'ఫైలు లేదు' అనే 404 వచ్చుంటే అర్థమయ్యేది. మన సర్వర్ దొరగారు దొరకని ప్రతిదానికీ హోమ్ పేజీ తీసి, 'అంతా సరే' అనే 200 ముద్ర కొట్టి పంపిస్తారాయె! జావాస్క్రిప్ట్ అడిగితే హెచ్‌టీఎమ్‌ఎల్ వచ్చింది, బ్రౌజర్ ఛీ పొమ్మంది. లాగ్ నిండా 200లే. నా సిస్టమ్‌లో రిఫ్రెష్ కొట్టినప్పుడల్లా కొత్త పేజీ, కొత్త పేర్లు, అంతా సుభిక్షం. పొద్దుగూకేదాకా దీంతోనే సరిపోయింది.

ఫైలు దారిలో భాష పేరు బదులు వేరియబుల్ పెడితే ఫోల్డర్‌లోని భాషలన్నిటికీ చంకులు (విడి ఫైలు ముక్కలు) కట్టే మీ బంధువులు, కోడ్‌ను మూటగట్టే బండ్లర్ల సంగతి సరే. ఫోను తన భాష 'టీఈ-ఐఎన్' (భారతదేశపు తెలుగు) అంటే 'టీఈ' (తెలుగు) ఫైలు ఇద్దామని మీకు తోచకపోవడమూ సరే.

రాలేనప్పుడు ఆ మాట తెర మీద చెప్పేదానికి ఏం రోగం నీకు? డెవలపర్లు చూసుకునే కన్సోల్‌లో ఎర్రగా ఒక లైను రాసి గమ్మునుంటివే! గుంట గట్టు మీద నిలబడిన మనిషి కన్సోల్ తెరిచి చూస్తాడా? పక్కన బేరగాడు కాచుకోనుండాడు. రేటు తెలీక వాడు చెప్పిన దానికే ఊ అనుంటే ఆ నష్టం ఎవడిస్తాడు, నువ్విస్తావా?

ఇకమీదట పాత బిల్డ్ ఫైళ్లు కొన్నాళ్లు సర్వర్‌లోనే ఉంటాయి. లేని చంకుకు 404 తప్ప హోమ్ పేజీ పోదు. మీరు చేతులెత్తేస్తే పేజీ దానంతటదే రీలోడ్ అవుతుంది, అదీ ఒక్కసారే, లేకుంటే రోజంతా తిరుగుతూ కూర్చుంటుంది. తెలుగు ఫైలు మొదటి పేజీతోనే వెళ్తుంది. చూసేది ఎక్కువమంది తెలుగువాళ్లేనాయె, దాన్ని దాచిపెట్టి మిగుల్చుకునేది ఏముంది?

తమిళం మాత్రం ఇంకా మీ చేతుల్లోనే పెడుతున్నాను. చెన్నై బేరగాళ్లు తెల్లారి చూస్తారు. ఈ రాత్రికి బిల్డ్ ఎక్కించను లెండి.