వరద ఏ నెలలో వచ్చిందన్నదే అసలు ప్రశ్న

నది ఒడ్డున నాగరికత పుట్టిందని బడిలో చదువుకున్నాం. అది సగం మాటే. ఆ నదికి వరద ఏ నెలలో వస్తుంది, పొలంలోకి చేరిన నీరు తిరిగి ఎటు పోతుంది? ఈ రెండూ తెలియకుండా ఒక నేల సిరి ఎంతకాలం నిలుస్తుందో చెప్పలేం. ప్రాచీన ఈజిప్టును, నేటి ఇరాక్ దక్షిణ భాగంలోని సుమేరును పక్కపక్కన పెట్టి చూడాలి.

నైలు వరదకు మూలం ఇథియోపియా కొండల మీద జూన్ నుంచి సెప్టెంబరు వరకు పడే వానలు. ఆగస్టు, సెప్టెంబరుల్లో నది పొంగుతుంది, అక్టోబరు చివరికి తగ్గుతుంది. రైతులు గట్లు వేసిన పెద్ద మడుల్లోకి ఆ నీటిని మళ్లించి నెలా నెలన్నర నిలబెట్టేవారు. ఒండ్రు దిగేది, నేల లోతుగా తడిసేది, పేరుకున్న ఉప్పు కరిగిపోయేది. నీళ్లు వదిలేశాక ఆ పదునులోనే విత్తనం చల్లితే, దాదాపు మరో తడి లేకుండానే ఏప్రిల్ నాటికి పంట చేతికొచ్చేది.

సుమేరుకు నీరిచ్చే టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల వరస వేరు. టర్కీ కొండల్లో మంచు కరిగి ఏప్రిల్, మే నెలల్లో వరద వస్తుంది. బార్లీ కోతలూ అప్పుడే. కోతల వేళ తుఫాను పడితే ఏమవుతుందో కోస్తా వరి రైతుకు చెప్పనక్కర్లేదు. ఇక విత్తనం వేసే శరత్కాలంలో నదులు అడుగంటి ఉంటాయి. కాలువ తవ్వక తప్పదు. సముద్రానికి 500 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న బాగ్దాద్ ఎత్తు 34 మీటర్లే. అంటే కిలోమీటరుకు ఆరేడు సెంటీమీటర్ల వాలు. నీరు నత్తనడకన పోతుంది, ఒండ్రునంతా కాలువలోనే దించేస్తుంది. ఏటా పూడిక తీయకపోతే చివరి పొలాలకు తడి అందదు. పూడిక తీయాలంటే కూలీలు కావాలి, వాళ్లకు బత్తెం కొలవాలి, కొలిచింది రాసిపెట్టాలి. సుమేరు నగరం ఉరుక్‌లో క్రీ.పూ. 3300 ప్రాంతం నుంచి కనిపించే తొలి మట్టి పలకల్లో ఎక్కువ భాగం ధాన్యం, గొర్రెలు, బత్తేల లెక్కలే.

ఆ నేలలో మట్టి, రెల్లు తప్ప మరేం ఉన్నాయి? లోహం లేదు, మంచి కలప లేదు, రాయి కూడా అరుదే. క్రీ.పూ. 5వ సహస్రాబ్దిలో వాళ్లు మట్టిని రాయిలా కాల్చి నెలవంక ఆకారంలో కొడవళ్లు చేసుకున్నారు. అవి ఇట్టే విరుగుతాయి, మళ్లీ పదును పెట్టడానికీ కుదరదు. కానీ మట్టికి కొదవ లేదు కదా, విరిగింది పారేసి కొత్తది తీసుకునేవారు. ఆ కాలపు దిబ్బల మీద నేటికీ వాటి ముక్కలు దొరుకుతున్నాయి. రాగి, నల్లరాయి మగన్ (ఒమన్) నుంచి, దేవదారు లెబనాన్ వైపు నుంచి, నీలిరాయి అఫ్గానిస్తాన్‌లోని బదక్షాన్ నుంచి, ఎర్రని కార్నీలియన్ పూసలు మన సింధు లోయ నుంచి వచ్చేవి. బదులుగా వెళ్లినవి ఉన్ని బట్టలు, ధాన్యం, నూనె. గొర్రెలు మేసింది బీళ్లలో, కోసిన చేలలో. అంటే ఉర్ అనే సుమేరు నగరపు రాజ సమాధుల్లో దొరికిన ప్రతి పూస వెనకా బార్లీ చేను ఉంది.

ఆ చేనుకే చౌడు పట్టింది. నదీజలంలో కొద్దిపాటి ఉప్పు ఎప్పుడూ ఉంటుంది. తడి మీద తడి పెడితే భూగర్భజలం పైకొస్తుంది. అది ఉపరితలానికి రెండు మీటర్ల లోపుకు చేరిందంటే, ఆ ఎండలకు తేమ మట్టి సందుల్లోంచి పైకి ఎగబాకి ఆవిరవుతుంది, ఉప్పు తెల్లటి పొరలా మిగిలిపోతుంది. నాగార్జునసాగర్ ఆయకట్టులో చౌడు నేలలు చూసినవారికి ఇది కొత్త కాదు. సుమేరు రైతుల దగ్గర దీనికి మందు ఉండేది: ఏడాది విడిచి ఏడాది బీడు పెట్టడం. బీడులో షోక్, అగూల్ అనే ముళ్ల మొక్కలు మొలిచి, లోతైన వేళ్లతో అడుగు తేమను పీల్చేసేవి. కింది మట్టి ఎండిపోతే ఉప్పు పైకి రాలేదు.

కానీ బీడు పెట్టాలంటే ఆశ అదుపులో ఉండాలి. ఎగువనున్న ఉమ్మా నగరంతో నీటి తగాదా తెగక, క్రీ.పూ. 2400 ప్రాంతంలో మరో సుమేరు నగరం లగష్ పాలకుడు ఎన్‌తెమెన టైగ్రిస్ నుంచి కొత్త కాలువ తెచ్చాడు. నీళ్లు పుష్కలమయ్యాయి, మురుగు పోయే దారి మాత్రం లేదు. ఆ ప్రాంతపు ధాన్యం దిగుబడి క్రీ.పూ. 2400లో హెక్టారుకు సుమారు 2,500 లీటర్లు ఉండగా, 2100కి 1,460కి, 1700కి 900కు పడిపోయిందని జాకబ్సెన్, ఆడమ్స్ అనే పరిశోధకులు 1958లో లెక్కగట్టారు. ఉప్పుకు ఓర్చని గోధుమ సాగు అంతకుముందే బార్లీకి దారి ఇచ్చిందనీ చెప్పారు. ఈ అంకెలను తర్వాతి పండితులు కొందరు ప్రశ్నించారు. యుద్ధాలనూ నదులు దారి మార్చడాన్నీ పక్కనపెట్టి పతనాన్నంతా ఉప్పు మీదికే నెట్టడం నాకూ సమ్మతం కాదు. అయినా మురుగు కాలువ లేని పారుదల నేలను తినేస్తుందన్న వారి మూల వాదన చెక్కుచెదరలేదు.

దానికి సాక్ష్యం ఈజిప్టే. అక్కడ 19వ శతాబ్దంలో ఏడాది పొడవునా నీరిచ్చే కాలువలు వచ్చాయి. 1970లో అస్వాన్ హైడ్యామ్ పూర్తయ్యాక ఉప్పు కడిగే వరద రావడమే ఆగిపోయింది. వేల ఏళ్లు ఆ బెడద అంతగా ఎరుగని నైలు డెల్టాలో ఇప్పుడు లక్షల ఎకరాల కింద, మీటరు పైచిలుకు లోతున, చిల్లుల గొట్టాలు పరిచి మురుగు నీటిని బయటికి లాగుతున్నారు.