సవరణ: టార్చిలైటు మీద ‘ఐపీఎక్స్4’ గుర్తు గురించి

రాత్రిపూట పొలంలో మోటారు వేయడానికి, మడవలు మార్చడానికి వెళ్లేవారికి ఎలాంటి టార్చిలైటు మేలో చెబుతూ, నీటిని ఎంతవరకు తట్టుకుంటుందో తెలిపే ‘ఐపీఎక్స్4’ గుర్తు ఉన్నది కాలువలో పడినా చెడిపోదని ఇంతకుముందు రాశాను, అది తప్పు. అంతర్జాతీయ ఐఈసీ 60529 ప్రమాణం ప్రకారం ఆ గుర్తు అన్ని వైపుల నుంచి చిందే నీటికి మాత్రమే వర్తిస్తుంది. 1 మీటరు లోతు నీటిలో 30 నిమిషాలు మునిగినా తట్టుకోవాలంటే ‘ఐపీఎక్స్7’ ఉండాలి. అదైనా మూత కింది రబ్బరు రింగు సరిగా ఉన్నంతవరకే. బురద చేత్తో సెల్లు మార్చినప్పుడు ఆ రింగు మీద ఇసుక రేణువు చిక్కినా నీరు లోపలికి పోవచ్చు కనుక, శుభ్రంగా తుడిచి బిగించాలి. తడిసిన స్టార్టరు పెట్టె దగ్గర లైటు ఆరిపోవడం ప్రాణాల మీదికి వచ్చే విషయం. అందువల్ల ఐపీఎక్స్4 లైటు ఇప్పటికే కొన్నవారు దాన్ని వానలో వాడుకోవచ్చు గాని, నీటిలో దిగి చేసే పనికి నమ్ముకోవద్దు. వెలుతురు, బ్యాటరీల గురించి రాసినదాంట్లో మార్పు లేదు.