'ఎంత గట్టిదైతే అంత మంచిది' అంటున్న వాల్వుల మెసేజ్ గురించి

బాలానగర్, జీడిమెట్ల మెషిన్ షాపుల వాట్సాప్ గ్రూపుల్లో ఓ మెసేజ్ తెగ తిరుగుతోంది. ఆయిల్‌ఫీల్డ్ వాల్వుల ఆర్డర్లు పట్టాలనుకునే వాళ్లకు నాలుగు సూత్రాలట. స్టీలు ఎంత గట్టిదైతే అంత మంచిది. ఎస్సెస్ 316 (ఒక రకం స్టెయిన్‌లెస్ స్టీలు) పెడితే తుప్పు చింత లేదు. హైడ్రో టెస్ట్ (నీళ్లు నింపి పీడనం ఎక్కించే పరీక్ష) పాసైతే గ్యాస్ కూడా లీకవదు. ఓ-రింగ్ (లీకు ఆపే రబ్బరు ఉంగరం) చిన్న వస్తువు, వైటాన్ రబ్బరుది వేస్తే సరి. రాసినాయన చేయి తిరిగినవాడే అనిపిస్తోంది, కాకపోతే ఆ చేయి నీళ్ల వాల్వుల మీద తిరిగినట్టుంది.

మొదటి సూత్రమే అన్నిటికంటే ప్రమాదం. బావి నుంచి వచ్చే గ్యాస్‌లో హైడ్రోజన్ సల్ఫైడ్, అదే కుళ్లిన కోడిగుడ్డు వాసన కొట్టేది, కొంచెం ఉన్నా లెక్క తలకిందులవుతుంది. తడి తగిలి స్టీలు తినుకుపోయే చోట హైడ్రోజన్ పరమాణువులు పుడతాయి. మామూలుగా అవి రెండేసి జతకట్టి బుడగలై పోతాయి. సల్ఫైడ్ ఆ జత కట్టనివ్వదు. ఒంటరి పరమాణువు స్టీల్లోకి దూరుతుంది. మెత్తటి స్టీలు కాస్త సాగి తట్టుకుంటుంది, గట్టి స్టీలు సాగలేక చిట్లుతుంది. ముందస్తు హెచ్చరికేమీ ఉండదు. పైగా ఇది వేడిలో కంటే గది ఉష్ణోగ్రత దగ్గరే ఎక్కువ. అందుకే సల్ఫైడ్ తగిలే లోహాలకు పెట్టిన నేస్ ఎంఆర్ 0175 ప్రమాణం కార్బన్, లో అల్లాయ్ స్టీళ్లకు గట్టిదనం (హార్డ్‌నెస్) సాధారణంగా రాక్‌వెల్ సి స్కేలు మీద 22 దాటొద్దంటుంది. 'మా దగ్గర అంత గ్యాస్ ఉండదులే' అంటారా? సల్ఫైడ్ పాక్షిక పీడనం, అంటే మొత్తం పీడనంలో దాని వాటా, 0.05 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) చేరితే చాలు, సోర్ సర్వీసు, అంటే సల్ఫైడ్ తగిలే పని, కింద చూడాలి. 10,000 పీఎస్‌ఐ వాల్వులో అది పది లక్షల పాళ్లకు ఐదు పాళ్లు!

మా షాపులో ఓసారి 4130 రకం లో అల్లాయ్ స్టీలు స్టెమ్‌లు (వాల్వు తెరిచి మూసే కడ్డీలు) హీట్ ట్రీట్‌మెంట్ నుంచి 25, 26 హార్డ్‌నెస్‌తో వచ్చాయి. ఎందుకిలా అని హీట్ ట్రీట్‌మెంట్ చేసినాయన్ని అడిగితే, "మూడు నాలుగు పాయింట్లు ఎక్కువొచ్చినయ్ గద సార్, ఇంకా మంచిదే, గట్టిగుంటది" అన్నాడాయన. మెత్తబరచడానికి మళ్లీ టెంపరింగ్‌కి పంపాం. అలాగని మరీ దించడానికీ లేదు, 75,000 పీఎస్‌ఐ యీల్డ్ (స్టీలు శాశ్వతంగా సాగడం మొదలయ్యే ఒత్తిడి) రావాలి. ఆ రెండింటి మధ్య మిగిలే సందు నాలుగు పాయింట్లకు మించదు. బోల్టుల్లోనూ ఇదే తగువు. సోర్ గ్యాస్ తగిలే చోట బీ7 గ్రేడు బోల్టు వేస్తే కుదరదు, మెత్తబరిచిన బీ7ఎం కావాలి.

ఈ పగుళ్లు ఎంత నష్టం చేస్తాయో చూడండి. కజకిస్థాన్‌లోని కషగాన్ చమురు క్షేత్రంలో 2013 సెప్టెంబర్‌లో ఉత్పత్తి మొదలై అక్టోబర్‌కే ఆగిపోయింది. పైపులైన్లలో ఈ పగుళ్లే. లైన్లు మార్చి మళ్లీ మొదలుపెట్టేసరికి 2016 వచ్చింది.

అయితే మెసేజ్‌లో సగం నిజం ఒకటుంది. ఇసుక కొట్టే గేటుకీ (దారి మూసే పలక), సీటుకీ (గేటు ఆనే వలయం) గట్టిదనం కావాల్సిందే. దానికోసం లోపలి స్టీలును గట్టిపరచరు, పైన స్టెల్లైట్ (కోబాల్ట్ మిశ్రమం) పొరో టంగ్‌స్టన్ కార్బైడ్ పూతో వేస్తారు.

ఇక 316. అందులో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉన్న మాట నిజమే, కానీ ఉప్పునీటి క్లోరైడ్ నిలిచిన చోట గుంటలు పడతాయి. 60 డిగ్రీలు దాటిన వేడి, లాగుడు కలిస్తే పగుళ్లూ వస్తాయి. బలం సంగతి చూస్తే అనీల్ చేసిన (కాల్చి మెత్తబరిచిన) 316 కనీస యీల్డ్ 205 మెగాపాస్కల్, పైన చెప్పిన 4130ది 517, అంటే ఆ 75,000 పీఎస్‌ఐ. అదే ఒత్తిడికి గోడ ఎంత మందం పెట్టాలో మీరే లెక్కేసుకోండి. గేటూ సీటూ రెండూ పూత లేని 316 అయితే ఒకదాన్నొకటి గీరుకుని పట్టేస్తాయి. లేత్ మీద ఎస్సెస్ నట్టు బిగించి తీయలేక తంటాలు పడ్డవాళ్లకు ఇది కొత్తగా చెప్పాలా?

హైడ్రో టెస్ట్ గొప్పదే. 10,000 పీఎస్‌ఐ వాల్వుకి బాడీని 15,000 పీఎస్‌ఐ దాకా ఎక్కిస్తారు, బాడీ బలం తేలిపోతుంది. సీలు సంగతి వేరు. మామూలు పీడనం దగ్గర నైట్రోజన్ కంటే నీరు దాదాపు 50 రెట్లు చిక్కన. నీరు ఆగిన సన్న గీతలోంచి గ్యాస్ నవ్వుకుంటూ పోతుంది. బావి వాల్వుల ప్రమాణమైన ఏపీఐ 6ఏలో పీఎస్‌ఎల్ 3జీ స్థాయి అని అడిగితే వాల్వుని నీళ్ల తొట్టిలో ముంచి నైట్రోజన్‌తో బుడగలు చూడమనేది అందుకే.

చివరిది ఓ-రింగ్. అధిక పీడనంలో గ్యాస్ రబ్బరులోకి ఇంకుతుంది. లైన్ ఒక్కసారిగా ఖాళీ చేస్తే, మూత తీసిన సోడాలా, లోపలి గ్యాస్ ఉబ్బి రబ్బరును చీలుస్తుంది. మామూలు వైటాన్ దీన్ని తట్టుకోదు. పైగా తుప్పు పట్టకుండా బావిలోకి పంపే అమీన్ రసాయనాలే దాన్ని పెళుసుబారుస్తాయి. అలాంటి చోట డీకంప్రెషన్ టెస్ట్ పాసైన హెచ్‌ఎన్‌బీఆర్ రబ్బరు గ్రేడో, స్ప్రింగ్ ఉన్న పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్) లిప్ సీలో చూడాలి. ఆర్డర్ ఇచ్చేవాళ్లను గ్యాస్‌లో ఏముంది, వేడెంత, లోపలికి ఏ కెమికల్ పంపుతారు అని అడగకుండా రబ్బరు పేరు డ్రాయింగ్ మీద రాయకండి.