ఆర్డరు వేశాం, కనుక జరిగింది

న్యూజెర్సీలో మా బావగారింటి బేస్‌మెంట్‌లో ఒక రైల్వే ఉంది. అసలు రైలులో 87వ వంతు సైజు, పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. స్టేషన్ బోర్డు మీద కాజీపేట అని ఉంటుంది, ఇంజన్లు మాత్రం అమెరికావి. బండిని ఒక లైన్లోంచి ఇంకో లైన్లోకి తిప్పే కదిలే పట్టాలు, అంటే పాయింట్లు, 14. ఒక కంట్రోల్ ప్యానెల్, దాని నిండా పచ్చా ఎర్రా బల్బులు. పోయిన నెల పదకొండో పాయింటు పచ్చ బల్బు చూసుకుని బావగారు వదిలిన గూడ్సు బండి, పక్కనున్న లూప్ లైన్లోకి తిరగబోయి, సగమే తిరిగి, వాటర్ హీటర్ వైపు దొర్లింది.

బల్బు చివరిదాకా పచ్చగానే ఉంది. ఈ వ్యాసం ఆ బల్బు తరఫున రాస్తున్నాను.

విచారణలో దొరికిన దోషి కంకర. ఈ సైజులో కంకరంటే ఉప్మా రవ్వే అనుకోండి. పట్టాల కింద జిగురుతో అంటిస్తారు. ఒక రవ్వ ఊడి, కదిలే పట్టాకీ పక్క పట్టాకీ మధ్య చేరింది. బల్ల కింద మోటారు తన పని తాను చేసింది. దాని చేయి పూర్తిగా తిరిగింది. పట్టాను తోయాల్సిన స్ప్రింగు తీగ మాత్రం వంగి ఊరుకుంది.

ఈ రకం మోటారును స్టాల్ మోటారు అంటారు. చివరికి చేరాక కూడా దానికి కరెంటు ఆపరు, అక్కడే నొక్కిపట్టి నిలబడుతుంది. అప్పుడది తీసుకునేది 15 మిల్లీఆంపియర్లు, అటూ ఇటూగా. ప్యానెల్ మీది ఒక ఎల్‌ఈడీ బల్బు వెలగడానికి చక్కగా సరిపోతుంది. కనుక మోటారుకి వెళ్లే తీగలోనే ఎల్‌ఈడీలు కలిపేస్తారు. కరెంటు ఒక దిక్కున పారితే పచ్చ, రెండో దిక్కున పారితే ఎర్ర. పట్టా గమ్యం చేరినా అదే వెలుగు, రవ్వ దగ్గర ఇరుక్కున్నా అదే వెలుగు.

దీన్ని పట్టుకుని కొందరు బల్బు అబద్ధం చెప్పిందంటున్నారు. అన్యాయం. పట్టా ఎక్కడుందో చెబుతానని బల్బు ఎన్నడూ మాటివ్వలేదు. ఆర్డరు ఏమిటో చెప్పింది, అంతే. ఎద్దు ఈనిందంటే గాట కట్టెయ్యమనడం ఎగతాళి చేసే మాటగా మిగిలిపోయింది గానీ, పరిపాలనంతా నడుస్తున్నది దాని మీదే. పూడిక తీయమని ఉత్తర్వు వెళ్లిన రోజే కాలువలో పూడిక పోతుంది. వానొచ్చి వీధిలోకి నీళ్లొస్తే, ఆ నీళ్లకు ఉత్తర్వు అందలేదన్నమాట.

డిజిటల్ పద్ధతి ఈ సూత్రాన్ని ఇంకా పైకి తీసుకెళ్లింది. రైలు నడిపే కరెంటూ, ఆర్డర్లూ ఒకే పట్టాల మీద వెళతాయి. "పదకొండో నంబరూ, లూప్‌కి తిరుగు" అని పట్టాల వెంబడి కేక వేస్తారు. ఆ నంబరు డీకోడర్, అంటే కేక అర్థం చేసుకుని మోటారును తిప్పే చిన్న సర్క్యూట్, వింటుంది. మామూలు డీకోడర్‌కి తిరిగి 'చిత్తం' అనడానికి నోరు కూడా లేదు. కేకలు వేసే పెట్టె, అదే కమాండ్ స్టేషన్, తను చివరగా ఏం చెప్పిందో గుర్తుపెట్టుకుని, లోకం అలాగే ఉందని చూపిస్తుంది. జవాబు చెప్పే డీకోడర్లూ దొరుకుతాయి. వాటి ధరే మొదటి జవాబు.

అసలు రైల్వేవాళ్లు ఈ విషయంలో మరీ చాదస్తులు. మన దేశంలో పాయింటు దగ్గర 5 మిల్లీమీటర్ల ముక్క అడ్డం పెట్టి పరీక్షిస్తారు. అంత సందున్నా పాయింటు లాక్ పడకూడదు, సిగ్నల్ రాకూడదు. ఆ 5 మిల్లీమీటర్లను 87తో భాగించి చూశాను. తల వెంట్రుకంత. బావగారికి ఆ పరీక్ష పెట్టడానికి కూడా తగినన్ని వెంట్రుకలు లేవు.

అయినా పట్టుదల మనిషి. జేఎమ్‌ఆర్‌ఐ అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో ప్రతి పాయింటుకూ ఇచ్చిన ఆర్డరు వేరుగా, తెలిసిన స్థితి వేరుగా రాసుకుంటారు. రెంటి మధ్యా తేడా ఉండొచ్చని ముందే ఒప్పేసుకున్న ప్రోగ్రాము! 'డైరెక్ట్' అని పెడితే ఆర్డరునే నిజంగా రాసుకుంటుంది. దాన్ని మార్చొద్దని నేను చెబుతూనే ఉన్నాను. ముందు మోటారులో ఉండే కాంటాక్టులకు తీగలు కలిపారు. అవి మోటారు చేయి తిరిగిందనే సాక్ష్యం చెప్పాయి. పట్టా సంగతి వాటి పరిధిలో లేదు. ఇక లాభం లేదని పట్టా దగ్గరే అటొక సెన్సర్, ఇటొక సెన్సర్ పెట్టారు. దాంతో శుభ్రంగా పచ్చగా ఉన్న కాజీపేటలో మూడుచోట్ల 'ఇన్‌కన్సిస్టెంట్' అని వచ్చింది. అంటే అటూ కాదు, ఇటూ కాదు. 15 రోజులుగా రైళ్లు ఆపి రవ్వ ఏరుతున్నారు.

"చూశారా బావగారూ, తెలుసుకోబట్టే కదా ఇంత టెన్షన్. హాయిగా మళ్లీ డైరెక్ట్‌కి మార్చేయండి" అన్నాను.

ఆయన మౌస్ మీద చెయ్యి వేయబోతుండగా పైనుంచి అక్క కేకేసింది. "ఏవండీ, గరాజ్ తలుపు వేశారా?"

"ఆ, వేశాను."

"వేశారా, బటన్ నొక్కారా?"

బావగారు మౌస్ వదిలి, చెప్పులేసుకుని పైకి వెళ్లారు.